కంప్రెసర్ గాలిలో నీరు: ముందు చల్లార్చండి, తరువాత వడకట్టండి

పోయిన శ్రావణంలో మా ఉయ్యాల బల్లకు పాలిష్ కొడుతున్నాను. మంచి టేకు. మూడు రోజులు ఎమెరీ కాగితంతో రుద్ది, సీలర్ పట్టించి, చివరి పూతగా పియు (పాలీయూరెథేన్) మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు సాఫీగా సాగింది. ఆ తరువాత స్ప్రే గన్ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి, బల్ల నడిమధ్యన నాలుగు నీటి చుక్కలు ఉమ్మింది. పెసరగింజంత గుంటలు, చుట్టూ పాలపొరలాంటి తెల్లటి వలయాలు. అవి తీసేసి, మళ్లీ నునుపు చేసి, మళ్లీ పూత వేసేసరికి ఇంకో మూడు రోజులు పట్టింది.

కంప్రెసర్‌కు వాటర్ ఫిల్టర్ లేదా అంటే ఉంది. కొన్నరోజే, దుకాణంలో చెప్పినట్టు, ట్యాంకు మూతికే బిగించాను. చుక్కలు పడిన తరువాత వెళ్లి చూస్తే దాని గిన్నె పొడిగా ఉంది. నీరంతా దాన్ని దాటి వెళ్లి గొట్టంలో పేరుకుంది. ఫిల్టర్ చెడిపోలేదు, నేను పెట్టిన చోటు తప్పు. ఆ తప్పు అర్థమయ్యాక చేసిన మార్పులనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇంటి వర్క్‌షాపులో ఉండే 1 నుంచి 3 హెచ్‌పి పిస్టన్ కంప్రెసర్లకు ఇవన్నీ పనికొస్తాయి.

నీరు ఎక్కడిది, ఎంత?

మాది కాకినాడ. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం ఉండటం ఇక్కడ మామూలే. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 80 శాతం అంటే 24 గ్రాములు. కంప్రెసర్ గేజి 8 బార్ చూపేదాకా నొక్కితే, బయటి గాలి ఒత్తిడి 1 బార్ కూడా కలిపి, తొమ్మిది ఘనపు మీటర్ల గాలి ఒక్క ఘనపు మీటరులో ఇరుక్కుంటుంది. దానితోపాటు 216 గ్రాముల నీరూ వస్తుంది. ఎంత నొక్కినా ఆ ఒక్క ఘనపు మీటరు చోటులో 30 డిగ్రీల దగ్గర ఆవిరిగా నిలిచేది 30 గ్రాములే. మిగిలిన 186 గ్రాములు నీరై తీరాలి. నిమిషానికి 150 లీటర్ల గాలి ఇచ్చే కంప్రెసర్ గంటలో తొమ్మిది ఘనపు మీటర్లు మింగుతుంది. అంటే గంటసేపు ఆపకుండా పని చేస్తే ఇంచుమించు గ్లాసెడు నీళ్లు.

అదే అనంతపురంలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ అనుకుందాం. అక్కడ ఘనపు మీటరుకు 10 గ్రాములకు మించి ఆవిరి ఉండదు. 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరులో 50 గ్రాముల దాకా ఆవిరిగా నిలుస్తుంది కాబట్టి, ఇదే లెక్క వేస్తే గంటకు 40 గ్రాముల చిల్లర తేలుతుంది. అక్కడి మిత్రులు ‘మాకేం ఇబ్బంది లేదే’ అంటే వాళ్ల మాట నిజమే. వాళ్ల సలహా మాత్రం కోస్తాలో పనికిరాదు.

ఇప్పుడు అసలు చిక్కు. నొక్కిన గాలి చల్లగా రాదు. సిలిండర్ హెడ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు దాని వేడి 150 డిగ్రీల పైమాటే. అరగంట నడిచాక ట్యాంకులోని గాలి 60 డిగ్రీలు ఉందనుకోండి. ఆ వేడిలో ఘనపు మీటరుకు 130 గ్రాముల ఆవిరి హాయిగా ఇముడుతుంది. అంటే 216లో 86 గ్రాములే ట్యాంకులో నీరుగా దిగుతాయి. మిగతా 130 గ్రాములు ఆవిరి రూపంలో ఫిల్టర్‌ను దాటిపోతాయి. వాటర్ ఫిల్టర్ లోపల గాలిని గిరగిరా తిప్పి, బరువైన నీటి తుంపరలను గోడకు విసురుతుంది. ఆవిరి దానికి చిక్కదు. ఆ గాలి పొడవాటి గొట్టంలో చల్లబడి, గన్ దగ్గరికి వచ్చేసరికి నీరవుతుంది. నా ఉయ్యాల బల్ల మీద పడింది ఆ నీరే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) లక్కర్ కొట్టినప్పుడు పూత మొత్తం పొగమంచు కమ్మినట్టు తెల్లబడితే కంప్రెసర్‌ను తిట్టకండి. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గదిలోని తేమ దాని మీద చేరుతుంది. దానికి మందు రిటార్డర్ థిన్నర్, లేదా ముసురు తగ్గేదాకా ఆగడం. అక్కడక్కడ గుంటలు, చుక్కలు పడితేనే గాలి గొట్టాన్ని అనుమానించాలి.

మొదటి పని: ట్యాంకులో ఉన్నది తీయండి

చాలా కంప్రెసర్లకు నీరు వదిలే డ్రెయిన్ కాక్ ట్యాంకు పొట్ట కింద, చెయ్యి దూరని చోట ఉంటుంది. దాన్ని తిప్పాలంటే నేల మీద పడుకోవాలి. అందుకే ఎవరూ తిప్పరు. ఈ ఒక్క ఇబ్బంది తొలగిస్తే సగం పని అయినట్టే.

మోటారు ప్లగ్ తీసేయండి. గాలంతా వదిలి, గేజి సున్నా చూపాకే కాక్ విప్పండి. ఒత్తిడి ఉండగా దాన్ని పూర్తిగా విప్పితే తూటాలా ఎగిరి వస్తుంది. ఆ చోట ఒక ఎల్బో, ట్యాంకు అంచు దాటేంత జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపు ముక్క, చివర ఇత్తడి బాల్ వాల్వ్ బిగించండి. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టండి. పైపు వాల్వ్ వైపు కాస్త దిగువకు వాలాలి, లేకపోతే నీరు పైపులోనే నిలుస్తుంది. కొన్ని వందల రూపాయల పని ఇది.

రోజూ పని ముగిశాక, ట్యాంకులో 1 లేదా 2 బార్ ఉండగా వాల్వ్ కొద్దిగా తెరవండి. కింద పాత డబ్బా పెట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి. మొదట తుప్పు రంగు నీరు వస్తుంది, తరువాత తుంపర, చివరికి ఉత్త గాలి. వానాకాలంలో స్ప్రే పని ఉంటే నేను గంటకోసారి తీస్తాను. రాత్రికి వాల్వ్ తెరిచే ఉంచుతాను, ట్యాంకు లోపల కాస్త ఆరుతుంది. ఆ నీటిలో నూనె ఉంటుంది కాబట్టి మొక్కలకు పోయకండి, కాలువలోకి వదలకండి.

మొదటిసారి తీసినప్పుడు తుప్పు పెచ్చులు పెచ్చులుగా వస్తే ఆగి ఆలోచించాలి. ట్యాంకు అడుగు రేకు పలచబడుతోందని అర్థం. రేకు మందం కొలిచేవారికి, నీటి ఒత్తిడితో పరీక్ష చేసేవారికి చూపించండి. సూది బెజ్జం పడిన ట్యాంకుకు వెల్డింగ్ చేయించి వాడటం మన ఊళ్లలో మామూలుగా చూస్తాను, కాని అది ప్రాణాలతో చెలగాటం. పలచబడిన రేకు ఒక్క చోట అతుకు వేస్తే బలపడదు. పాత గ్యాస్ సిలిండర్‌ను అదనపు ట్యాంకుగా కలిపేవాళ్లూ ఉన్నారు, వాళ్ల షెడ్డులో నేను నిలబడను.

రెండో పని: కంప్రెసర్ ఎక్కడ గాలి పీలుస్తోందో చూడండి

వేసవిలో ఉక్క భరించలేక షెడ్డులో ఎయిర్ కూలర్ పెట్టుకుంటాం. అది గాలిలోకి నీరు కలిపే యంత్రం. దాని ముందే కంప్రెసర్ ఉంటే పీల్చేది ఆ తడి గాలే. బట్టలు ఉతికే చోటు, పంపు గట్టు, వంటింటి కిటికీ కూడా అంతే. గోడకు మూరెడు దూరంలో, నీడలో, హెడ్‌కు గాలి ఆడే చోట పెట్టండి. ఫ్లైవీల్ విసిరే గాలి హెడ్ మీదికే రావాలి. హెడ్ రెక్కల మధ్య రంపపు పొట్టు పేరుకుంటే బ్రష్‌తో దులపండి.

ఎసి గదిలోని గాలి చాలా పొడిగా ఉంటుంది. 24 డిగ్రీలు, 50 శాతం తేమ అంటే ఘనపు మీటరుకు 11 గ్రాములే. ఆ గది నుంచి గాలి పీలిస్తే మన 186 గ్రాములు 70 లోపుకు దిగుతాయి. ఇంట్లో వాళ్లు ఆ చప్పుడు భరిస్తే చేసుకోవచ్చు. మా ఇంట్లో భరించలేదు.

మూడో పని: గాలిని చల్లార్చండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. రెండు చోట్ల చల్లార్చవచ్చు.

ఒకటి, హెడ్‌కూ ట్యాంకుకూ మధ్య. బెల్టు కంప్రెసర్లలో హెడ్ నుంచి ట్యాంకు మీది నాన్ రిటర్న్ వాల్వ్‌కు (గాలిని వెనక్కి రానివ్వనిది) ఒక కురచ రాగి గొట్టం వెళుతుంది. దాని బదులు అయిదారు మీటర్ల అర అంగుళం రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి, ఫ్లైవీల్ గాలి తగిలేలా అమర్చితే ట్యాంకులోకి చేరే గాలి చాలా చల్లబడుతుంది. అప్పుడు నీరు ట్యాంకులోనే దిగిపోతుంది, మనం కింద నుంచి తీసేస్తాం. ఈ పనిలో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ప్రెషర్ స్విచ్ నుంచి వచ్చే సన్నని గొట్టం నాన్ రిటర్న్ వాల్వ్ దగ్గరే ఉండాలి, కదపకూడదు. హెడ్‌కూ ట్యాంకుకూ మధ్య మూసే వాల్వ్ ఏదీ పెట్టకూడదు, పొరపాటున మూసి మోటారు వేస్తే గొట్టమో హెడ్డో పేలుతుంది. ప్లాస్టిక్, రబ్బరు గొట్టాలు ఈ వేడికి పనికిరావు. రాగి చుట్టను గట్టిగా పట్టీలతో బిగించకపోతే అదురుకు అతుకుల దగ్గర చిట్లుతుంది. గొట్టం పొడవునా ట్యాంకు వైపే వాలు ఉండాలి. ఇలాంటి పనిలో చెయ్యి తిరగనివాళ్లు దీన్ని మెకానిక్‌కు వదిలేయండి.

రెండోది, ట్యాంకు దాటిన తరువాత. నేను వాడేది ఇదే, కొత్తవాళ్లకూ ఇదే తేలిక. ఎసి బిగించేవాళ్లు వాడే మెత్తటి రాగి గొట్టం పది మీటర్లు కొన్నాను. దాన్ని నాలుగు లీటర్ల పెయింటు డబ్బా చుట్టూ స్ప్రింగులా చుట్టి, డబ్బా బయటికి లాగేశాను. ఆ చుట్టను ఇరవై లీటర్ల బకెట్టులో దించాను. గాలి పైనుంచి లోపలికి వెళ్లి కింది నుంచి బయటికి రావాలి. అందుకే బకెట్టు పక్క గోడకు అడుగున బెజ్జం వేసి, నీళ్ల ట్యాంకులకు వాడే నిపుల్, రబ్బరు వాషరుతో బిగించి, గొట్టం చివరను అక్కడి నుంచి బయటికి తెచ్చాను. గొట్టాన్ని బకెట్టు అంచు మీదుగా పైకి తేవద్దు. నీరు అడుగున నిలిచి, గాలి దాన్ని ముద్దలు ముద్దలుగా నెట్టుకొస్తుంది. నేను మొదటిసారి అలాగే చేసి, గన్ మళ్లీ దగ్గితే గాని తెలుసుకోలేదు. బకెట్టును ఎత్తైన స్టూలు మీద పెట్టి, బయటికి వచ్చిన గొట్టానికి వెంటనే కింద వాటర్ ఫిల్టర్ బిగించాను.

బకెట్టులో మామూలు నీళ్లు పోస్తే గాలి నీళ్ల వేడికి, అంటే 30 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. మామూలు పనికి అది చాలు. పియు లాంటి మంచి పూత ఉన్న రోజున నీళ్లు బాగా చల్లబడేంత మంచుగడ్డ కొట్టి వేస్తాను. నీళ్లు 10 డిగ్రీల దాకా దిగితే ఘనపు మీటరు గాలిలో 9 గ్రాముల ఆవిరే మిగులుతుంది, మిగతాదంతా ఫిల్టర్ గిన్నెలోకి వస్తుంది. ఆ గాలి తిరిగి గది వేడికి వచ్చాక ఇంచుమించు 30 శాతం తేమతో ఉంటుంది, గొట్టంలో ఎక్కడా నీరవదు. గాలి ముందే గది వేడికి దిగి వస్తుంటే, ఆ గాలిని చల్లార్చడానికి గంట పనిలో కరిగే మంచు లెక్క ప్రకారం కిలోకు లోపే. మిగతా మంచు బకెట్టులోని నీళ్లను చల్లార్చడానికీ, చుట్టూ ఉన్న ఉక్కపోతకూ పోతుంది. బకెట్టును థర్మకోల్ పెట్టెలో పెడితే ఉక్కపోతకు పోయేది తగ్గుతుంది.

వేల రూపాయలు పోసి కొనే రిఫ్రిజరేషన్ డ్రయర్లు చేసేదీ ఇదే పని, గాలిని 3 డిగ్రీల దాకా చల్లార్చి నీరు పిండుతాయి. వారానికి ఒకసారి గన్ పట్టుకునే నాకు అంత ఖర్చు దండగ అనిపించింది. రోజూ బండ్లకు డ్యూకో పెయింటింగ్ చేసేవాళ్లకైతే డ్రయరే కొనమంటాను, ఎంతకాలమని మంచు మోస్తారు?

నాలుగో పని: గోడ మీద పైపు

ట్యాంకు నుంచి బకెట్టు దాకా రబ్బరు గొట్టం బదులు అర అంగుళం జి.ఐ. లేదా రాగి పైపు గోడ వెంట నడపండి. లోహం వేడిని బయటికి వదులుతుంది, రబ్బరు దాచుకుంటుంది. పది అడుగులకు అంగుళం చొప్పున, గాలి వెళ్లే దిశలోనే దిగువకు వాలు ఉండాలి. పైపు చివర నేల వైపు ఒక మూరెడు ముక్క దించి, దాని అడుగున బాల్ వాల్వ్ పెడితే నీరు అందులో చేరుతుంది. గాలి తీసుకునే కొమ్మను మాత్రం పైపు పైభాగం నుంచే, చేతికర్ర మెడలా ముందు పైకి లేపి తరువాత కిందికి వంచాలి. కింది భాగం నుంచి తీస్తే పైపులో పారే నీరంతా తిన్నగా మీ గన్‌లోకే వస్తుంది. కంప్రెసర్‌కూ గోడ పైపుకూ మధ్య ఒక అడుగు మెత్తటి గొట్టం ఉంచితే అదురు పైపుకు పాకదు.

నీళ్లకు వాడే పివిసి, సిపివిసి పైపులు చవక, అతికించడం తేలిక. వద్దు. నీటి ఒత్తిడికి పగిలితే కారుతాయి, గాలి ఒత్తిడికి పగిలితే గాజు పెంకుల్లా ముక్కలై మీదికి వస్తాయి.

అయిదో పని: ఫిల్టర్, రెగ్యులేటర్

వరుస ఇది: ట్యాంకు, గోడ పైపు, చల్లటి చుట్ట, ఫిల్టర్, రెగ్యులేటర్ (గాలి ఒత్తిడి తగ్గించేది), గొట్టం, గన్. ఫిల్టర్ నిటారుగా ఉండాలి, దాని మీది బాణం గాలి దిశను చూపాలి. గిన్నెలో నీరు గీతకు చేరకముందే తీసేయండి, మరిచిపోయేవాళ్లు ఆటో డ్రెయిన్ ఉన్నది తీసుకోండి. గిన్నె పారదర్శకంగా ఉంటే అది చాలావరకు పాలికార్బొనేట్. దాన్ని థిన్నర్‌తో తుడవకూడదు, కంటికి కనబడని పగుళ్లు పడి ఒకరోజు పేలుతుంది. సబ్బు నీళ్లు చాలు. స్ప్రే చేసే గదిలో వేలాడేదైతే లోహపు తొడుగు ఉన్నది కొనండి.

ఫిల్టర్ రెగ్యులేటర్‌కు ముందే ఎందుకంటే, ఒత్తిడి ఎక్కువ ఉన్నచోటే నీరు దిగుతుంది. 8 బార్ గాలిని రెగ్యులేటర్ 2 బార్‌కు తగ్గించినప్పుడు, బయటి ఒత్తిడి కలిపి చూస్తే 9 నుంచి 3కి, అది మూడింతలు విప్పారుతుంది, తేమ మూడో వంతుకు పడిపోతుంది. పైసా ఖర్చు లేని ఆరబెట్టడం అది. కాబట్టి గన్‌కు 2 బార్ చాలు కదా అని ట్యాంకును తక్కువ ఒత్తిడిలో నడపకండి. కంపెనీ చెప్పిన హద్దు దాటకుండా ట్యాంకును పైన ఉంచి, గన్ దగ్గర తగ్గించుకోండి.

ఆరో పని: సిలికా జెల్, అవసరమైతేనే

చాలామంది మొదట కొనేది ఇదే, నిజానికి చివర రావలసింది. గన్‌కు ముందు పెట్టే చిన్న గొట్టంలో 200 గ్రాముల జెల్ ఉందనుకోండి. ఆచరణలో అది తన బరువులో పదో వంతు నీరు పీల్చుకుంటుందని లెక్క వేసుకోవడం క్షేమం, అంటే 20 గ్రాములు. వేడి ట్యాంకు నుంచి నేరుగా గాలి పంపితే పది నిమిషాల్లో నిండిపోతుంది. 30 డిగ్రీలకు చల్లార్చి వడకట్టిన గాలికి 40 నిమిషాలు, మంచు బకెట్టు దాటిన గాలికి రెండు గంటలు వస్తుంది.

నీలం రంగు గింజలు గులాబీ రంగుకు, నారింజవి ఆకుపచ్చకు మారితే నిండినట్టు. 110 నుంచి 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. అంతకు మించి కాల్చకండి. నీలం గింజల్లో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ విషపదార్థం, వంటకు వాడే పాత్రలోనూ ఓవెన్‌లోనూ వాటిని వేయించకూడదు.

నూనె సంగతి

ఆయిల్ అద్దంలో నూనె పాలు కలిపిన టీలా కనబడితే అందులో నీరు చేరిందని అర్థం. టైరుకు గాలి కొట్టి రెండు నిమిషాల్లో ఆపేసే కంప్రెసర్లలో ఇది ఎక్కువ, యంత్రం వేడెక్కకముందే ఆగిపోవడంతో లోపల చేరిన తడి బయటికి పోదు. నూనె మార్చండి. బండి ఇంజన్ ఆయిల్ పోయకండి, అందులోని డిటర్జెంటు నీటిని నూనెలో కలిపి పట్టి ఉంచుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడు కంప్రెసర్ ఆయిలే పోసి, వారానికోసారి అరగంట నడపండి.

చివరగా అద్దం పరీక్ష

గన్ తీసేసి, గొట్టం చివర బ్లో గన్ తగిలించండి. పాత అద్దం ముక్కను గోడకు ఆనించి, జానెడు దూరం నుంచి ఒక నిమిషం గాలి కొట్టండి. కంప్రెసర్ అరగంట నడిచి వేడెక్కాకే చేయాలి, చల్లగా ఉన్నప్పుడు ఏ కంప్రెసరైనా పాసవుతుంది. అద్దం మీద సన్నని తుంపర కనబడితే చల్లార్చడం చాలలేదు: బకెట్టులో నీళ్లు వేడెక్కాయేమో చెయ్యి పెట్టి చూడండి, ఫిల్టర్ గిన్నె నిండిందేమో చూడండి. తరువాత అదే గాలిని తెల్ల కాగితం మీద కొట్టండి. జిడ్డు మరక పడితే అది నూనె, ఇప్పటిదాకా చెప్పిన వాటితో పూర్తిగా పోదు. పిస్టన్ రింగులు చూపించుకోవాలి, వాటర్ ఫిల్టర్ తరువాత నూనెను పట్టే కోలెసింగ్ ఫిల్టర్ ఒకటి పెట్టుకోవాలి.

మా అద్దం ముక్క షెడ్డు తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. పూత కలిపే ముందు ఒకసారి దాని మీద గాలి కొట్టి చూస్తాను. పూతను గట్టిపరిచే హార్డెనర్ కలిపాక ఆపి చూసుకోవడానికి వ్యవధి ఉండదు.